విప్పి చూడని చీర

ధర్మవరంలో మా బావ జయరాముడి చేతిని దేవుడి చెయ్యి అనేవారు. ఆ ఊళ్ళో దేవుడి పేరు తగిలించని వస్తువు లేదు. కిరాణా కొట్టుకు, సైకిలు షాపుకు, నీళ్ళు పడని బోరుకు, మూతపడిన టెంటు సినిమాకు, అన్నిటికీ ఆయన పేరే. అందువల్ల ఒక నేతగాడి చేతికి కూడా అదే పేరు పెట్టడం నన్నేమీ ఆశ్చర్యపరచలేదు. ఆ చేతిది పనితనం కాదు జబ్బు అని నేను చెప్పినప్పుడు వాళ్ళు నన్ను చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. గుళ్ళోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు.

బావ కొండప్ప సావుకారికి నేసేవాడు. పట్టూ జరీ సావుకారివి. నేలలో తవ్విన గుంటలో కూర్చుని నేసే గుంటమగ్గం, దాని ముందు వంగే నడుము బావవి. నేసిన చీర అంగడికి తీసుకుపోతే గుమాస్తా సుంకన్న దాన్ని కిటికీ ముందు వెదురుబొంగు మీద విప్పి, వెలుతురుకు అడ్డంగా పట్టి, ముక్కు ఆనించి తప్పులు వెతికేవాడు. తెగిన పోగో, తప్పిన పోగో, అంచు దగ్గర వదులో, ఎవరి చీరలోనైనా ఏదో ఒకటి దొరికేది. దొరికినప్పుడు సుంకన్న ముఖంలో కళ వచ్చేది. ఆయన జీవితంలో వేరే విజయాలు ఉన్నట్టు లేదు. బావ చీరల్లో మాత్రం మూడేళ్ళపాటు ఆయనకు ఏమీ దొరకలేదు. తొంభై ఆరులో, దసరా ముందు, కొండప్ప పదిమంది నేతగాళ్ళు వింటుండగా అన్నాడు:

"ఇంగ జయరాముడి చీర విప్పే పనే లేదు సుంకన్నా. మడత మడతే బీరువాలోకి పోనీ."

అంతే. కలెక్టరు శాలువా కప్పినా అంత పేరు రాదు. మర్నాటి నుంచి కొళాయి దగ్గర మా అక్క రత్నమ్మకు ముందు బిందె దక్కింది. మిగతా వాళ్ళు తొమ్మిది, పది రోజుల్లో దించే చీర బావకు ఇరవై రెండు రోజులు ఎందుకు పడుతోందని ఎవరూ అడగలేదు. గొప్ప చెయ్యి నిదానంగానే ఆడుతుందని తేల్చేశారు. ఆ గొప్పతనం చాలని రోజుల్లో అక్క పక్కిళ్ళకు పట్టుదారం కండెలు చుట్టి బియ్యం తెచ్చేది.

నేను పెనుకొండలో ఒక ప్రభుత్వాఫీసులో జూనియర్ అసిస్టెంటును. కొండ కింద ఒక గది, అందులో బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద ఏరుకొచ్చిన మనస్తత్వశాస్త్రం పుస్తకాలు ఇరవై ఏడు. మా సూపరింటెండెంటు రెండేళ్ళుగా దేనికీ నవ్వలేదు. టిఫిన్ క్యారియరు మూత తీయకుండానే సాయంత్రం ఇంటికి పట్టుకుపోయేవాడు. రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుందని, తర్వాత గోడ చూస్తూ పడుకుంటానని చెప్పేవాడు. ఆఫీసు దాన్ని పొగరు అంది, ఆయన గ్యాస్ అన్నాడు. అది దిగులు జబ్బు అని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను చెప్పలేదు. ఈ ప్రాంతంలో మనసు అనే అవయవం ఎవరికీ లేదు. ఏం జరిగినా కడుపులో జరుగుతుంది, లేకపోతే నరాల్లో, అదీ కాకపోతే పక్కింటావిడ కళ్ళలో. ఇలాంటి మనుషులతో మాట్లాడి లాభమేమిటి? హోటల్లో నా ఎదురుగా ఎవరైనా కూర్చుంటే సగం దోసె వదిలి లేచిపోయేవాణ్ణి. దాన్ని నా అభిరుచి అనుకునేవాణ్ణి.

అమావాస్య నాడు నేతగాళ్ళు మగ్గం ముట్టరు, గుంటలో కాలు పెట్టరు. మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, పైన నిలబడే కర్పూరం వెలిగించి, ఆ రోజుకు సెలవు తీసుకుంటారు. మిగతా రోజుల్లో పోతే బావ నడుము పైభాగమే కనబడేది కాబట్టి నేను అమావాస్యలకే ధర్మవరం పోయేవాణ్ణి. తొంభై ఎనిమిది ఎండాకాలంలో అలా పోయినప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తన పంచె అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక్కొక్క పోగే తడుముకుంటూ పోతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చివరికి చేరాక మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఏం బావా, లెక్క పెడతాండావా?"

"ఏం లేదప్పా." చెయ్యి లాక్కుని పంచె కింద దాచుకున్నాడు. పట్టుకుని చూశాను. వేళ్ళ కొసల్లో చర్మం లేదు. పుండ్ల మీద పసుపు పూసి ఉంది.

లోపల్నుంచి అక్క గర్వంగా అంది: "రేపు పొద్దు పొడిసేదాకా ఇట్లే ఉంటాడు శివా. ఒక దినం మగ్గం లేకుంటే ఓర్సుకోలేడు. అంత భక్తి."

అక్క బిందె ఎత్తుకుని వీధిలోకి పోయాక బావ నా దగ్గరికి జరిగాడు.

"ఒక మాట చెప్తా, నవ్వొద్దు. నేస్తాంటే ఒక పోగు తప్పిందేమో అనిపిస్తాది. చూస్తా. ఉండదు. లేదని నాకు తెలుస్తాది గూడా. తెలిసినా మళ్ళా చూడల్ల. చూడకుంటే..."

"చూడకుంటే?"

గొంతు తగ్గించాడు. "మా స్వప్న లారీ కింద పడతాది."

స్వప్న ఆయన కూతురు, ఇంటర్ మొదటి సంవత్సరం. లోపల బోర్లా పడుకుని రికార్డు పుస్తకంలో కప్ప బొమ్మకు రంగు వేస్తోంది. ఆ వీధిలోకి లారీ పట్టదు.

"నాకు తెలీదా ఏంది, పోగుకీ లారీకీ సంబంధం లేదని? తెలుసు. నిన్న జానెడు నేస్తి. నలభై తూర్లు చూస్తి. ఇంగా అనుమానమే. విప్పేసి మళ్ళా నేస్తి. ఇది పాప బడికి పోబట్టినప్పట్నుంచి ఉండాదబ్బా. తిక్క అంటారని మొదట చెప్పలే. ఇప్పుడేమో దేవుడి చెయ్యి అంటాండారు. ఇంగెట్ల చెప్పేది?"

పన్నెండేళ్ళు ఈ మనిషి ఆ గుంటలో కూర్చుని ఒంటరిగా కూతుర్ని లారీ కింద నుంచి లాగుతున్నాడు, ఊరు అంచు బాగుందంటోంది. నాకు ఆ జబ్బు పేరు తెలుసు. ఏ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో కూడా తెలుసు. అక్కర్లేని ఆలోచన పదే పదే రావడం, దాన్ని చల్లార్చడానికి ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడం, అది అర్థం లేనిదని తెలిసీ ఆపలేకపోవడం. అన్నీ సరిపోయాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు, సంతోషం కలిగింది. స్టాంపులు పోగుచేసేవాడికి దొరకని స్టాంపు దొరికినట్టు.

అక్కకు చెప్పాను. ఆమె బిందె దించకుండానే విన్నది.

"తాగి బజార్లో పడేది జబ్బు. పెండ్లాన్ని తన్నేది జబ్బు. తప్పు లేకుండా నేసేది జబ్బారా? నీ పుస్తకాలు తగలెట్ట. ఒక్కడివే కూచోని కూచోని అందరికీ జబ్బులు అంటిస్తాండావు."

"వేళ్ళు చూసినావా అక్కా?"

"పని చేసేటోడి వేళ్ళు అట్లనే ఉంటాయి. నీ వేళ్ళు ఉండాయి చూడు, వెన్నపూస మాదిరి."

కానీ బావ ఒప్పుకున్నాడు. నెలలో మొదటి ఆదివారం హిందూపురానికి బెంగళూరు నుంచి ఒక డాక్టరు వచ్చేవాడు. బావ ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాడు, నేను పెనుకొండలో అదే పెట్టెలోకి ఎక్కాను. దారంతా ఆయన తువ్వాలు అంచు తడుముతూనే ఉన్నాడు.

డాక్టరు కూర్చునేది పట్టుగూళ్ళ మార్కెట్టు దారిలో ఒక మందుల షాపు మేడమీద. బోర్డు మీద 'నరముల వైద్యులు' అని రాసి ఉంది. మనసు అని రాస్తే మెట్లు ఎక్కేవాడు ఉండడని ఆయనకు తెలుసు. పక్క గది కళ్ళ డాక్టరుది. ఇద్దరికీ కలిపి వరండాలో ఒకే బెంచీ. అక్కడ కొంగులు కప్పుకున్నవాళ్ళు, తువ్వాళ్ళు కప్పుకున్నవాళ్ళు దొంగసొత్తు కొనడానికి వచ్చినట్టు కూర్చుని ఉన్నారు. నా పక్కన కొత్తచెరువు నుంచి వచ్చిన యల్లక్క అనే ఆమె, పదహారేళ్ళ కూతురు.

"మీరు దేనికొచ్చినారప్పా?" అని ఆమే ముందు అడిగింది. నేను జవాబు చెప్పేలోపే తనది చెప్పేసింది. "మేం కండ్లకు. పిల్లకు బోర్డు మీద రాసింది కనబడదంట."

ఆ పిల్ల గుండెల మీద చెయ్యి పెట్టుకుని నోటితో గాలి పీలుస్తోంది. "బోర్డు కనబడతాది," అంది మెల్లగా. "క్లాసులో కూచోంటే ఉన్నట్టుండి గుండె దడదడమంటాది. చేతులు తిమ్మిర్లెక్కుతాయి. సచ్చిపోతాండా అనిపిస్తాది. పది నిమిషాలకు తగ్గుతాది. మళ్ళా ఎప్పుడొస్తాదో అని కాలేజీకే పోలేకుండా..."

"ఊరుకోమే. కండ్లకు అని చెప్తాండా గదా."

ఆదివారం కళ్ళ డాక్టరు రాడు. ఆయన గది తలుపుకు తాళం వేసి ఉంది. ఆ తాళానికి ఎదురుగానే కూర్చుని, బెంచీలో సగం మంది కళ్ళకు వచ్చామని ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

డాక్టరు అలిసిపోయిన మనిషి. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకూ బావ బదులు నేనే జవాబు చెప్పాను, అక్కడక్కడా ఇంగ్లీషు మాటలు చేర్చి. మూడో ప్రశ్నకు ఆయన చెయ్యి ఎత్తి, "మీరు ఆగండి," అన్నాడు. బావ లారీ సంగతి చెప్పాడు. డాక్టరు నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. నెలకు ఇలాంటివాళ్ళు పదిమంది వస్తారని, కొందరు చేతులు కడుగుతారని, కొందరు తాళాలు లాగి చూస్తారని, నేతగాడు పోగులు చూస్తాడని చెప్పాడు. రాత్రి పూట ఒక మాత్ర. నోరెండిపోతుంది, ఓర్చుకోవాలి. ఆరు వారాలకు గానీ గుణం కనబడదు. కనబడగానే మానేయకూడదు.

రిజిస్టరులో వెంట వచ్చినవాడి సంతకం కావాలన్నాడు. నాకు ఎవరైనా చూస్తుండగా సంతకం పెట్టడం అలవాటు లేదు. ఆఫీసులో కూడా కాగితం ఒక మూలకు తీసుకుపోయి పెట్టేవాణ్ణి. డాక్టరు చూస్తున్నాడు. పేరు మధ్యలో పెన్ను జారి కింద పడింది. బావ వంగి పెన్ను తీసిచ్చాడు.

"మీకు నిద్ర ఎట్లా పడుతుంది?" అన్నాడు డాక్టరు నాతో.

"నేను ఆయన్ని తీసుకొచ్చినవాణ్ణి."

"అది నేను అడగలేదు."

నెలకు ఒకసారి వచ్చిపోయే మనిషికి అంత పొగరేమిటి అనుకుంటూ నేను బయటికి వచ్చేశాను.

రెండు అమావాస్యలు గడిచాయి. మూడో అమావాస్యకు నేను పోయేసరికి బావ అరుగు మీద లేడు. లోపల నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పగలు పదకొండు గంటలు. అక్క తలుపు దగ్గర చావింట్లో కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

"పొద్దున్నుంచి ఇట్లే పండుకున్నాడు శివా. మగ్గం ఊసే లేదు. నిన్న సాయంత్రం బజారుకు పోయి మిరపకాయ బజ్జీలు తిని వచ్చినాడంట. ఈ మనిషి ఎప్పుడన్నా బజ్జీలు తిన్న్యాడా?"

బావ లేచాడు. వేళ్ళు చూపించాడు. కొత్త చర్మం వచ్చింది, పసిపిల్లవాడి చర్మంలాగా గులాబీ రంగులో.

"పోయిందా ఆలోచన?" అన్నాను.

"వస్తాది. తప్పిందేమో అంటాది. ఉంటే ఉండనీలే అంటా. కొంచేపు అరుస్తాది, ఊరుకుంటాది, వాకిట్లో కుక్క మాదిరి." నవ్వాడు. "చీర పదోదినానికి దించితినబ్బా. అందరి మాదిరే. అందరి మాదిరి ఉండేది ఇంత సుకమని నాకు తెలీదు."

ఆ సుఖం నాలుగు వారాలు సాగింది. మాత్రల సంగతి కొళాయి దగ్గర అక్కే బయటపెట్టింది, నరాల బలానికి అని. ఆ కొళాయి దగ్గర నరాల బలం అంటే ఏమిటో తెలియని బిందె లేదు. సాయంత్రానికల్లా 'జయరాముడు తిక్కోళ్ళ డాక్టరు దగ్గరికి పోతాండాడు' అని కొండప్ప అంగడికి చేరింది. మర్నాడు బావ చీర తీసుకుపోయినప్పుడు, ఆఫీసుకు సెలవు కావడంతో, నేనూ వెంట ఉన్నాను. కొండప్ప చీరను చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు ఊపాడు. తర్వాత బీరువా వైపు కాక కిటికీ వైపు చాపాడు.

"సుంకన్నా, విప్పు."

రెండేళ్ళ తర్వాత బావ చీర వెదురుబొంగు ఎక్కింది. సుంకన్న కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయన అంత తీరిగ్గా తుడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ముప్పావు గంట వెతికాడు. కొంగుకు జానెడు ఇవతల, వేలు ఆగింది.

"ఉండాది!"

ఒక పోగు. ఒకే ఒక పోగు, వేలెడంత పొడుగున తన దారి తప్పి పక్క పోగుతో కలిసి నడిచింది. ఆ చీర కట్టుకోబోయే పెళ్ళికూతురికీ, ఆమె అత్తకూ, చీరలు చూడటమే పనిగా వచ్చే పేరంటాళ్ళకూ ఎవరికీ జన్మలో కనబడనిది. అంగట్లో ఉన్న నేతగాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి శవాన్ని చూసినట్టు చూసి పక్కకు తప్పుకున్నారు. బావ కూడా చూశాడు. "అవునే," అన్నాడు మామూలుగా. ఆ మామూలుతనమే కొండప్పకు ఒళ్ళు మండించింది.

"అవునే అంటావేమబ్బా? సిగ్గు లేదా? చెయ్యి పడిపోయింది నీకు. ఇంగ్లీషు మాత్రలు మింగి మింగి చెయ్యి సచ్చిపోయింది."

"సావుకారీ," అన్నాను నేను, "ముందర ఆయనకు జబ్బు ఉండె. ఇప్పుడు తగ్గింది. ఆ తప్పే తగ్గిందనేదానికి గుర్తు."

కొండప్ప నన్ను కిందనుంచి పైకి చూశాడు. "పెనుకొండ బామ్మర్దివి నువ్వే గదా? పెండ్లి గిండ్లి లేకుండా ఒక్కడివే ఉంటావంటనే? తప్పు చేసేది ఆరోగ్యం, తప్పు చేయనిది జబ్బు. బాగుండాదప్పా నీ చదువు. సుంకన్నా, నువ్వు శానా ఆరోగ్యంగా ఉండావురా."

అందరూ నవ్వారు. సుంకన్న కూడా నవ్వాడు, తనను తిట్టారో పొగిడారో తెలియకపోయినా. చెప్పాల్సిన జవాబు గంట తర్వాత, రైల్లో వచ్చింది. నాకెప్పుడూ అంతే.

కొండప్ప తీర్పు చెప్పాడు. మాత్రలు మానితే పట్టూ జరీ ఇస్తాడు. మానకపోతే జయరాముడు వేరే సావుకారిని చూసుకోవచ్చు. తిక్కోళ్ళ డాక్టరు దగ్గరికి పోయినవాడికి ధర్మవరంలో వేరే సావుకారి పట్టు ఇవ్వడని వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఇంట్లో అప్పుడు తేలాల్సింది ఒక్కటే, బావ ఆ మాత్ర మింగుతాడా లేదా. మింగితే తల ప్రశాంతంగా ఉంటుంది, మగ్గం ఖాళీగా ఉంటుంది. మింగకపోతే మగ్గం ఆడుతుంది, స్వప్న మళ్ళీ రోజుకు నలభైసార్లు లారీ కింద పడుతుంది. అక్కకు ఇందులో తేల్చడానికేమీ కనబడలేదు. వచ్చిన అమావాస్యకు మగ్గానికి హారతి ఇచ్చి, కొండప్ప పెండ్లాం నాగలక్ష్మినీ వీధిలో నలుగురినీ సాక్ష్యం పిలిచి, మాత్రల అట్ట తెచ్చి బావ చేతిలో పెట్టింది.

"నీ చేత్తోనే పారెయ్. నీ చెయ్యి నీకు తిరిగి రావల్ల."

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "బావా, వద్దు," అన్నాను. "మళ్ళా మొదటికి వస్తాది. నీకు తెలుసు."

బావ నన్ను చూశాడు, అక్కను చూశాడు, గుంటను చూశాడు. వాకిట్లోకి నడిచి ఒక్కొక్క మాత్రే ఒత్తి కాలవలో వేశాడు. నాగలక్ష్మి దండం పెట్టుకుంది. అక్క కళ్ళు తుడుచుకుంది.

నాకు అసహ్యం వేసింది. అక్క మీద కాదు, ఆమెకు ముందు బిందె కావాలి. కొండప్ప మీద కాదు, అతను వ్యాపారి. ఆ మెతక మనిషి మీద. నొప్పి అంటే ఏమిటో తెలిసి, పోతే ఎలా ఉంటుందో తెలిసి, నలుగురు ఆడవాళ్ళు చూస్తున్నారని తనంతట తనే నొప్పిని పిలుచుకున్నవాడి మీద. "మీకు జబ్బే కరెక్టు," అన్నాను అందరికీ వినబడేలా. "మీకందరికీ అదే కావల్ల. ఉంచుకోండి." అక్క ఏదో అంటుండగానే స్టేషనుకు నడిచాను.

నాలుగు నెలలు ధర్మవరం పోలేదు. అక్క ఒక కార్డు రాయించింది: చెయ్యి తిరిగి వచ్చింది, చీర మళ్ళీ ఇరవై రోజులు పడుతోంది, సావుకారి సంతోషంగా ఉన్నాడు, విప్పడం మానేశారు. బావకు దైవభక్తి కూడా పెరిగిందట. నెల నెలా మొదటి ఆదివారం లేపాక్షికి మొక్కు పెట్టుకున్నాడట. కార్డు చింపేశాను.

ఆ నాలుగు నెలల్లో నా సంగతి చెప్పుకోదగ్గది కాదు. హోటలు మానేశాను, గదిలోనే అటుకులు నానబెట్టుకుని తినేవాణ్ణి. ఆఫీసులో నా బల్ల వెనక ఎవరైనా నిలబడితే కాగితం మీద అక్షరం పడేది కాదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. ఇరవై ఏడు పుస్తకాల్లో ఏ పేజీ తీయాలో తెలిసీ తీయలేదు. ఒక మొదటి ఆదివారం, ఆఫీసు పని ఉందని నాకు నేనే చెప్పుకుని, హిందూపురం రైలెక్కాను. మందుల షాపు ఎదురు వైపు నిలబడి పేపరు చదివాను. చదివి వెనక్కి వచ్చేశాను. తర్వాతి నెల కూడా అంతే, కాకపోతే ఈసారి మెట్ల దాకా పోయాను.

మూడో నెల మెట్ల మీద ఎవరో నా చొక్కా పట్టుకున్నారు.

"ఏమప్పా శివా, ఎక్కుతాండావా, దిగుతాండావా?"

బావ. నుదుట లేపాక్షి కుంకుమ, చేతిలో సంచీ. నేనేదో అనబోయాను. ఆయన నన్ను బెంచీ దాకా నడిపించి, కూర్చోబెట్టి, సంచీ నా ఒళ్ళో పెట్టాడు.

"కుంకుమ ఈడ బస్టాండులోనే అమ్ముతారు," అన్నాడు. "లేపాక్షి అంటే టికెట్టుకు దుడ్లు మీ అక్కే ఇస్తాది. డాక్టరు అంటే ఇస్తాదా?"

"మాత్రలు కాలవలో వేస్తివి గదా?"

"ఆ అట్టలో ఉండింది తొమ్మిది. తొమ్మిదీ పోయె. మర్నాడే వచ్చి ఈ కింద షాపులో వేరే తెచ్చుకుంటి. గుంటలో గోడకు గూడు ఉండాది చూడు, ఆడ పెట్టినా. గుంటలోకి నేను తప్ప ఎవరు దిగుతారు? అమావాస్య నాడు మీ అక్క పైనుంచే కర్పూరం తిప్పుతాది, మాత్రలకు గూడా."

"మరి ఇరవై దినాలు?"

బావ చుట్టూ చూసి వంగాడు. "పదిదినాలకే అయిపోతాది. మిగిలిన పదిదినాలు గుంటలో కూచోని తలకాయ వంచి నిద్రపోతా. చూసేటోళ్ళకు పోగులు చూస్తాండట్లే ఉంటాది. సావుకారి చెప్పులు కిర్రుమంటాయి, దూరం నుంచే వినబడతాది. అప్పుడు వేళ్ళు నడిపిస్తా. 'చూడండ్రా, చూడండ్రా' అని పిల్లోళ్ళకు చూపిస్తాడు."

"తప్పులు?"

"పోయిన చీరలో నాలుగు. నాలుగూ నాకు తెలిసి వదిలినవే." ఆయన ముఖంలో ఆ అంగట్లో ఎప్పుడూ చూడని గర్వం కనబడింది. "సుంకన్న యాడ విప్పుతాడు? మాత్రలు మానినోడి చీర గదా. బెంగుళూరాయన ఎవరో దాన్ని రెండింతలు పెట్టి కొన్న్యాడంట."

నాకు నవ్వు వచ్చింది. కొండప్ప మీద, సుంకన్న మీద, అక్క కర్పూరం మీద. నవ్వుతూ నవ్వుతూ ఉండగా, ఆ రోజు వాకిట్లో ఈయన్ని మెతకమనిషి అని తీర్మానించి స్టేషనుకు నడిచింది ఎవరో గుర్తొచ్చింది. నేను కూడా ఆ మనిషిని విప్పి చూసింది లేదు. నవ్వు ఆగింది.

"నీకు ముందే చెప్పాల్సింది," అన్నాడు బావ. "నువ్వు రాకపోతివి."

నా పక్కన కూర్చున్న ముసలాయన తువ్వాలు తలమీదికి లాక్కుంటూ, "మీకేమైందప్పా?" అని అడిగాడు.

"కండ్లకు," అన్నాను. నా గొంతే. యల్లక్క గొంతు కంటే నమ్మకంగా వచ్చింది.

బావ ముందుకు వంగి, బెంచీ అంతా వినేలా, "ఆదివారం కండ్ల డాక్టరు రాడు గదప్పా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ముసలాయన తాళం వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"పొద్దున రాంగానే నీ పేరు గూడా రాయిస్తి," అన్నాడు బావ చిన్నగా. "పోయిన నెల గూడా నిన్ను ఎదురుగుండా చూస్తి. పేపరు పట్టుకోని ఉంటివి. గంటసేపు ఒకే పేజీ. ఆ పొద్దు పెన్ను కింద పడినప్పుడే అనుకుంటి. పోగులు చూసి చూసి అరిగిన కండ్లు నావి, నాకు కనబడదా? పద్నాలుగు నీది. నాది పదహైదు."

"నాకేం పట్టింది?" అన్నాను. అది కూడా ఆ బెంచీ మాటే. పన్నెండో నంబరు బయటికి వచ్చి, పదమూడు లోపలికి పోయింది. ఎదుటి గోడ మీద సున్నం పెచ్చులూడి ఉంది. పెచ్చులు లెక్కపెట్టాను.

కాంపౌండరు పద్నాలుగు అని పిలిచాడు. నేను కదల్లేదు. రెండోసారి పిలిచినప్పుడు బావ, నేను లేవడానికి వీలుగా, నా ఒళ్ళో ఉన్న సంచీని తీసుకున్నాడు.